రంగు తప్పని శుభలేఖ!

కంప్యూటర్ తెరమీద చూసినప్పుడు నిగనిగలాడే చిలకపచ్చ. అచ్చయి వచ్చాక చూస్తే వాడిపోయిన తోటకూర! పెళ్లి పదిరోజుల్లోకి వచ్చేసింది. ఆ కార్డులు పంచడానికి మనసొప్పదు, మళ్లీ వేయించడానికి వ్యవధి లేదు. తప్పెవరిది? డిజైన్ చేసినవాళ్లదా, అచ్చు వేసినవాళ్లదా? చాలాసార్లు ఇద్దరిదీ కాదు. ఇద్దరి యంత్రాలకూ రంగుల లెక్క కుదరకపోవడమే అసలు కారణం.

హైదరాబాద్ పాతబస్తీలో శుభలేఖలంటే ఛత్తాబజారే గుర్తొస్తుంది. ఒకప్పుడు అక్కడ కాతిబులు కలంతో ఉర్దూ అక్షరాలు ముత్యాల్లా దిద్దేవారు. 1990ల్లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ పని చాలావరకు కంప్యూటర్‌కి మారింది. అక్షరాలు ఇన్‌పేజ్‌లో, బొమ్మలు ఫొటోషాప్‌లో, మొత్తం కూర్పు కోరల్‌డ్రాలో... ఇలా ఒక్క కార్డు వెనక రెండు మూడు ఫైళ్లు ఉండొచ్చు. చిక్కు మొదలయ్యేదీ ఇక్కడే.

వెలుగు వేరు... సిరా వేరు

తెర రంగుల్ని వెలుగుతో చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల్ని కలిపి మిగతావన్నీ పుట్టిస్తుంది. ప్రెస్‌లో వాడేవి సిరాలు... సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. మెరిసే చిలకపచ్చ, ముదురు విద్యుత్ నీలం లాంటివి ఈ నాలుగు సిరాలకూ అందవు. ఇక బంగారు రంగు సరేసరి! దానికి ప్రత్యేక సిరా అయినా ఉండాలి, వేడితో అద్దే రేకు అయినా ఉండాలి.

అంకె ఒకటే... రంగు రెండు

ఫైల్లో రంగు అంటే కొన్ని అంకెలు. 'ఆకుపచ్చ 255' అని రాస్తే అది ఎంత పచ్చనో అంకె ఒక్కటే చెప్పలేదు. కొలతబద్ద కూడా కావాలి. అదే 'కలర్ ప్రొఫైల్'. 1931లో అంతర్జాతీయ సంస్థ సీఐఈ మనిషి కంటి చూపు ఆధారంగా రంగుల్ని కొలిచే పద్ధతి రూపొందించింది. 1993లో యాపిల్, అడోబీ, కొడాక్, మైక్రోసాఫ్ట్ తదితర కంపెనీలు కలిసి ఐసీసీని ఏర్పాటుచేసి, ప్రొఫైళ్లకు అందరూ ఒప్పుకునే నమూనా తెచ్చాయి.

తెరల కోసం వచ్చిన ఎస్‌ఆర్‌జీబీకన్నా అడోబీ ఆర్‌జీబీలో పచ్చలు ఎక్కువ. అడోబీ ఆర్‌జీబీలో చేసిన బొమ్మ ప్రొఫైల్ లేకుండా వెళ్లి, రెండో కంప్యూటర్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటే... బొమ్మ కళతప్పిపోతుంది! అందుకే ఫైలును భద్రపరిచేటప్పుడు ప్రొఫైల్‌ను జతచేయాలి. సాఫ్ట్‌వేర్లన్నిట్లో ఒకే సెట్టింగ్ పెట్టుకోవాలి. 'అసైన్', 'కన్వర్ట్' ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి. మొదటిది అంకెల్ని అలాగే ఉంచి అర్థాన్ని మారుస్తుంది, రెండోది రంగు వీలైనంత చెడకుండా అంకెల్ని మారుస్తుంది.

నుఖ్తా చెదిరితే...

ఉర్దూలో చుక్క చోటు మారితే మాటే మారిపోతుంది. 'ఖుదా'లో పైనున్న చుక్క లోపలికి దిగితే 'జుదా'... అంటే వేరుపడటం! తెరమీది నలుపును అలాగే సిరాల్లోకి మారిస్తే అది నాలుగు సిరాల మిశ్రమం అవుతుంది. అచ్చులో ఒక్క సిరా వెంట్రుకవాసి పక్కకి జరిగినా సన్నని అక్షరాల చుట్టూ రంగు అంచులు కనిపిస్తాయి, చుక్కలు మసకబారతాయి. అక్షరాలకు ఒక్క నల్లసిరా మాత్రమే వాడితే ఈ బాధ ఉండదు. తెలుగు ఒత్తులకూ ఇదే సూత్రం.

కార్డు వేయించేవారికి...

* వాట్సప్‌లో వచ్చిన నమూనాలో పేర్లు, తేదీ, ముహూర్తం సరిచూసుకోండి. రంగును మాత్రం దాన్నిబట్టి ఖాయం చేయకండి. ఫోన్ వెలుతురును బట్టి, కళ్లకు హాయినిచ్చే పసుపు సెట్టింగ్‌ను బట్టి రంగు మారిపోతుంది.

* అసలు కార్డు మీదే ఒక నమూనా అచ్చు అడగండి. మీగడరంగు కాగితం మీద, చేతి తయారీ కాగితం మీద ఒకే సిరా వేర్వేరుగా కనిపిస్తుంది.

* దాన్ని ట్యూబ్‌లైటు కింద ఒకసారి, పగటి వెలుగులో ఒకసారి చూడండి.

* పట్టుచీర రంగే కావాలంటే ఫొటో పంపకుండా చీరముక్కో, పాత కార్డో చేతికివ్వండి.

* నచ్చిన నమూనా మీద సంతకం చేసి ఒకటి మీ దగ్గర, ఒకటి ప్రెస్‌లో ఉంచండి.

డిజైనర్లయితే నెలకోసారైనా మానిటర్‌ను రంగులు కొలిచే పరికరంతో సరిచేసుకోవాలి. సిరాల్లోకి మార్చే పనిని చివర్లో, ఒక్కసారే, ప్రెస్‌వాళ్లు చెప్పిన ప్రొఫైల్‌తో చేయాలి. ఇంత చేసినా తెరమీది మెరుపంతా కాగితం మీదికి రాదు. కానీ ఎంత వస్తుందో అచ్చుకు ముందే తెలుస్తుంది. ఐదొందల కార్డులు అచ్చయ్యాక తెలియడంకన్నా అది మేలే కదా!