మీకు తెలుసా? గుండెకాయలోనే దొరికిన కోఎంజైమ్ క్యూ10

కొత్తగూడెంలో మటన్ కొనేటప్పుడు కార్జం, గుండెకాయ అడిగి వేయించుకునేవాళ్లు చాలామందే. కోఎంజైమ్ క్యూ10 అనే యాంటీఆక్సిడెంట్ బాగా ఉండేది ఆ ముక్కల్లోనే! 1957లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ క్రేన్ దీన్ని మొదట వేరుచేసింది కూడా పశువుల గుండె కండరం నుంచే.

కణంలోని మైటోకాండ్రియాలో ఇది ఎలక్ట్రాన్లను మోసుకెళ్తుంది. ఆ ప్రవాహం ఆధారంగానే కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది. క్షణం ఆగని గుండెకు ఆ అవసరం మరీ ఎక్కువ. ఇక్కడ మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పేరొకటి ఉంది: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావుల జంట ఏటీపీని విడివిడిగా కనుగొన్నారు.

క్యూ10ను మన శరీరమే తయారుచేసుకుంటుంది. చేపలు, పల్లీలు, నువ్వుల్లోనూ కొంత ఉంటుంది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మందులు రక్తంలో దాని స్థాయిని తగ్గిస్తాయి.

2014లో వెలువడిన క్యూ-సింబియో అధ్యయనంలో 420 మంది గుండె వైఫల్య రోగులు పాల్గొన్నారు. రెండేళ్లపాటు రోజుకు 300 మిల్లీగ్రాముల క్యూ10 తీసుకున్నవారిలో తీవ్రమైన గుండె సమస్యలు తక్కువగా కనిపించాయి. ఆశ కలిగించే ఫలితమే కానీ, గుండె మందులకు ఇది బదులు కాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారైతే డాక్టర్‌ను అడగకుండా క్యూ10 మాత్రలు మొదలుపెట్టకండి.