తుమ్ము కనబడుతుంది, బడలిక కనబడదు

మాఘం వెళ్ళి ఫాల్గుణం ప్రవేశించగానే ఉత్తరాదిన గాలి మారుతుంది. చెట్లు పూతకు వస్తాయి, గోధుమ చేలు పండబారుతాయి, పిల్లలకు పరీక్షలు దగ్గరపడతాయి. సరిగా ఆ రోజుల్లోనే ఎన్నో ఇళ్ళలో ఎవరో ఒకరు తెల్లవారగానే వరసగా పది తుమ్ములు తుమ్మి, కళ్ళు నులుముకుంటూ, చేతిరుమాలు వెతుక్కుంటూ దినచర్య ప్రారంభిస్తారు. ఆ తుమ్ములకు ఇంట్లోవారు నవ్వుతారు, శకునం పేరు చెప్పి పరిహాసమాడతారు. కాని అదే మనిషి పదకొండు గంటలకల్లా బల్లమీద తల వాల్చితే మాత్రం ఎవరూ నవ్వరు. పై అధికారి అశ్రద్ధ అంటాడు. అత్తగారు బద్ధకం అంటుంది. ఉపాధ్యాయుడు చదువుమీద ధ్యాస లేదంటాడు. ఋతువుతో వచ్చే ఎలర్జీలో మనిషిని ఎక్కువగా కుంగదీసేది తరచు తుమ్ము కాదు, ఈ బడలికే. దానిని జబ్బులో భాగంగా ఎవరూ లెక్కించరు. ఒక్కొక్కప్పుడు రోగి కూడా లెక్కించడు.

వైద్యశాస్త్రం మాత్రం దీనిని మొదటినుంచీ ఎరుగును. 1819లో జాన్ బాస్టాక్ అనే వైద్యుడు ఏటా జూన్ మాసంలో తనను పట్టి పీడించే ఒక వింత వ్యాధిని లండన్‌లో వైద్యుల సభకు వివరించాడు. కళ్ళమంట, తుమ్ములు, ఛాతీ బిగువులతోపాటు నిస్త్రాణ, ఒళ్ళు వంచలేని అశక్తత, నిద్ర పట్టని రాత్రులు కూడా ఆయన వర్ణనలో ఉన్నాయి. కారణం మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. వేసవి వేడిమిని అనుమానించాడు. 1873లో మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేరం గడ్డి పుప్పొడిదని నిరూపించాడు.

మన దేశంలో ఆ నేరస్థులు వేరు. వారిలో ఇద్దరు పరదేశీయులు. 1955 ప్రాంతంలో పూనాలో కనిపించి, దిగుమతి ధాన్యంతో వచ్చిందని చెప్పుకునే పార్థీనియం మొక్కను తెలుగువారు వయ్యారిభామ అన్నారు, మరికొందరు కాంగ్రెసు గడ్డి అన్నారు. దానిని తినిపించడానికి మెక్సికో నుంచి ఒక పెంకుపురుగును తెప్పించి 1984లో బెంగుళూరులో వదిలారు. పురుగు వానకాలంలో తన పని తాను చేస్తూనే ఉంది. భామ వయ్యారం మాత్రం తగ్గలేదు. రెండవది సర్కారు తుమ్మ. వంటచెరకు కోసం 1870లలో కడప ప్రాంతంలో నాటిన ఈ అమెరికా చెట్టు నేడు రాజస్థాన్ మొదలు తమిళనాడు వరకు బీళ్ళన్నిటినీ ఆక్రమించింది. దాని పుప్పొడి పడనివారు చాలామంది. వీటికి తోడు రకరకాల గడ్డి పూతలు, నూర్పిళ్ళ దుమ్ము, వానకాలపు బూజు ఉన్నాయి. కనుక ఒకరికి చైత్రం గండమైతే మరొకరికి ఆశ్వయుజం.

పుప్పొడి ముక్కులో పడితే ఒళ్ళంతా ఎందుకు సోలిపోవాలి? 1966లో అమెరికాలోని డెన్వర్‌లో జపాను దేశస్థులైన ఇషిజాకా దంపతులు ఎలర్జీ రోగుల రక్తంలో ఐ.జి.ఇ. అనే ప్రతిరక్షకాన్ని గుర్తించారు. వారి పరిశోధనకు ఆధారమైన రాగ్‌వీడ్ మన వయ్యారిభామకు దగ్గరి చుట్టమే. ఈ ప్రతిరక్షకం ముక్కు పొరలలోని కొన్ని కణాలను అంటిపెట్టుకుని కాపు కాస్తుంది. పడని పుప్పొడి తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను వెదజల్లుతాయి. తుమ్ములూ దురదా దాని ఫలితాలే. కొన్ని గంటల తర్వాత రెండవ అంకం మొదలవుతుంది: తెల్లకణాలు అక్కడికి చేరి మరికొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. జ్వరం వచ్చినప్పుడు ఒళ్ళు బరువెక్కించి, మనసు మందగింపజేసేవి కూడా ఈ జాతి రసాయనాలే. జ్వరం లేకుండానే జ్వరపడినట్లుండటంలోని రహస్యం కొంత ఇందులో ఉంది.

అంతకంటె పెద్ద కారణం రాత్రివేళ జరుగుతుంది. పడుకోగానే ముక్కు దిబ్బడ హెచ్చుతుంది. నోటితో గాలి పీల్చడం, గురక, మాటిమాటికీ లిప్తపాటు మెలకువ రావడం—తెల్లవారిన తరువాత ఇవేవీ జ్ఞాపకముండవు. ఎనిమిది గంటలు పడుకున్నవాడు అయిదు గంటలు నిద్రించినవాడిలా లేస్తాడు.

మూడవ కారణం విచిత్రమైనది: మందే! ముక్కులో తుమ్ము పుట్టించే హిస్టమినే మెదడులో మనిషిని మెలకువగా ఉంచుతుంది. హిస్టమిన్‌ను అడ్డుకునే మందుల పరిశోధనకు కూడా కలిపి డానియెల్ బొవేకు 1957లో నోబెల్ బహుమతి లభించింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ వంటి ఆ పాతతరం మందులు ముక్కుతో ఆగక మెదడులోనికీ చొరబడతాయి. దుకాణంలో అడగగానే ఇచ్చే జలుబు మాత్రలలో పెక్కింట నేటికీ ఇవే ఉంటాయి.

దీని మూల్యం ఎంతో రెండు పరిశోధనలు వెల్లడించాయి. 2000లో అమెరికాలోని అయోవాలో ఎలర్జీ ఉన్న 40 మంది డ్రైవర్లను కృత్రిమ వాహనంలో కూర్చోబెట్టి పరీక్షించారు. మద్యం పుచ్చుకున్నప్పటికంటె డైఫెన్‌హైడ్రమిన్ మింగినప్పుడే వారు అధ్వాన్నంగా నడిపారు. తమకు మగతగా ఉన్నదా లేదా అని వారు చెప్పిన మాటకూ, వారు నడిపిన తీరుకూ అంతగా పొంతన లేదు! నాకేమీ మత్తుగా లేదు అనే ధీమాను నమ్మరాదన్నమాట. 2007లో ఇంగ్లండులో 1,834 మంది విద్యార్థులను పరిశీలించినప్పుడు, పరీక్షనాడు ఎలర్జీతో బాధపడేవారికి నమూనా పరీక్షకంటె శ్రేణి తగ్గే అవకాశం 40 శాతం అధికమని, మత్తుమందు వాడినవారికి 70 శాతం అధికమని తేలింది. మన వార్షిక పరీక్షలూ పూతల కాలంలోనే వస్తాయి. తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఇది.

ఇక ఉపాయాలు. అన్నిటికంటె ముఖ్యమైనది రాత్రి ముక్కును తెరిచి ఉంచడం. ఇందుకు వైద్యులు ముందుగా సూచించేది ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. పేరు విని జంకేవారున్నారు గాని, అందులోని మోతాదు స్వల్పం, అది పనిచేసేది ముక్కులోనే. కొట్టిన పూటనే పూర్తి ఫలితం రాదు. కొన్నాళ్ళు, ఒక్కొక్కప్పుడు రెండు వారాలు పడుతుంది. ఏటా ఏ నెలలో బాధ మొదలవుతుందో తెలిసినవారు డాక్టరు సలహాతో కాస్త ముందే ప్రారంభించడం మేలు. దిబ్బడను క్షణంలో విడగొట్టే చుక్కలమందు సంగతి వేరు. నాలుగైదు రోజులు మించి వాడితే ఆ మందే దిబ్బడను తెచ్చిపెడుతుంది.

మాత్ర అవసరమైతే ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ వంటి కొత్తతరంవి మెదడును అంతగా అంటవు. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసంతో కాక మంచినీళ్ళతో మింగాలి. సెటిరిజిన్ కొందరికి మగత కలిగిస్తుంది కనుక రాత్రిపూట మంచిది. వృద్ధులకు పాతతరం మాత్రలు పనికిరావు. మతిభ్రమ, మూత్రబంధం కలగవచ్చు.

ఉప్పునీటితో ముక్కు కడుక్కునే జలనేతి మన యోగులెరిగిన పద్ధతే; నేటి వైద్యులూ సమ్మతిస్తున్నారు. అయితే నీరు మరిగించి చల్లార్చినదే కావాలి. కుళాయినీరు ముక్కులోకి పోయి, నేగ్లేరియా అనే అమీబా మెదడుకెక్కి కరాచీలో మరణాలు సంభవించాయి.

బయటినుంచి రాగానే బట్టలు మార్చుకోవడం, పడుకునేముందు తలస్నానం చేయడం, దిండు గలేబులు ఆరుబయట ఆరవేయకపోవడం ఖర్చులేని పనులు. మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకు మేలు చేస్తుంది. సాయంకాలం దాటాక కాఫీ మరునాటి బడలికకు బయానా.

అన్ని నీరసాలనూ ఎలర్జీ ఖాతాలో వేయరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. పూతల కాలం దాటినా బడలిక తీరకపోతే రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం క్షయకు సూచనలు కావచ్చు. రాత్రి దగ్గుతో లేచి కూర్చుంటున్నా, ఊపిరిలో పిల్లికూతలు వినబడుతున్నా ఎలర్జీ ముక్కు దాటి ఊపిరితిత్తులకు దిగిందేమో చూడాలి. అప్పుడు కావలసింది మాత్ర కాదు, ఆస్తమాకు ఇన్‌హేలరు.