సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగడం మానేసిందా?

సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి, క్లచ్ నొక్కగానే మళ్ళీ స్టార్టయ్యే కార్లు ఇప్పుడు మన ఇళ్ళల్లోనూ ఉన్నాయి. అలా ఆగడం మానేస్తే 'పోనీలే, గోల వదిలింది' అనుకుంటాం. మండుటెండలో ఏసీ గట్టిగా నడుస్తుంటే ఆగదు, నిజమే. కానీ రోజుల తరబడి ఆగకపోతే బ్యాటరీ నీరసించిందేమో చూపించండి. పిల్లల్ని స్కూల్లో దింపి రావడానికే తీసే కారుకి ఈ బెడద మరీ ఎక్కువ. ఆ కాస్త దూరానికి ఛార్జింగ్ పూర్తిగా ఎక్కదు. అప్పుడప్పుడూ కాస్త దూరం తిప్పుకు రావాలి.

మార్చాల్సి వచ్చినప్పుడే అసలు జాగ్రత్త. ఈ కార్లకి ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ వస్తుంది. రోజుకి ఎన్నోసార్లు ఇంజన్ని లేపే చాకిరీ మామూలు బ్యాటరీ వల్ల కాదు, తొందరగా పోతుంది. "ఏదైనా ఒకటేనమ్మా, తక్కువలో వేసేస్తా" అంటారు కొందరు. ఆడవాళ్ళకేం తెలుస్తుందని ధీమా! పాత బ్యాటరీ మీద రాసున్నది చదివి చూపించండి. ఏజీఎం ఉన్నచోట ఏజీఎమ్మే వేయించాలి. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసిన సంగతి కారు కంప్యూటర్లో నమోదు చేయాలి కూడా. డబ్బు కట్టకముందే ఆ మాట అడగండి. పాతది ఇంటికి తేవద్దు, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. షాపులోనే ఇచ్చేస్తే బిల్లులో కొంత తగ్గిస్తారు.