మస్టరు పట్టీలు - మఱుగుపడని నంబర్లు

వానలు మొగము చాటువేసిన యేడు మన యనంతపురపు సీమలో బీద స్త్రీలకు గట్లుపోయుట, చెఱువుపూడిక తీయుట వంటి కరువుపనులే యాధారము. ఉపాధిహామీ పథకము దేశమున కంతకును 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన బండ్లపల్లి యందే యారంభమైనది. ఎవ రెన్నిదినములు పనిచేసిరో, ఎంతకూలి ముట్టెనో యెల్లరు నెఱుంగుటకై మస్టరు పట్టీలను బహిరంగముగ నుంచిరి. దొంగపేర్లతో కూలి మ్రింగువారిని పట్టుట కిది మేలైన యేర్పాటు, మేము కాదనము.

కాని 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వారొక నివేదికను ప్రకటించిరి. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధారు నంబర్లు బయటపడి యున్నవని యందు గలదు. ఆ నాలుగింట రెండు మన యాంధ్రప్రదేశమువే: ఒకటి యుపాధికూలి చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమా.

సోదరీమణులారా! టెలిఫోను నంబరును నట్టిదే. కూలిలెక్క సరిచూచుటకు పేరు, దినములు, రూపాయలు చాలును. ఆమె నంబరుతో నెవరికి పని? బ్యాంకువారమని నమ్మించి యోటీపీ నడుగువానికే గదా!

పదియంకెలలో కొన్నింటిని చుక్కలతో కప్పుట నేడు వాడుక. ఇందొక చిక్కు గలదు. ఒక పట్టీలో మొదటి యాఱంకెలను, వేఱొక పట్టీలో కడపటి నాల్గింటిని కప్పినచో, రెండును ప్రక్కప్రక్కన నుంచువానికి పదియును దొరకును. నాల్గంకెలే దాచిన, ఊహింపవలసినవి పదివేలే. యంత్రమున కది యొక లెక్కా! తెరమీద చుక్కలు చూపి, దిగుమతిచేసికొను పట్టికలో పూర్తినంబరు నుంచుట మఱియు వింత: వీథితలుపు గడియవైచి దొడ్డితలుపు తెఱచినట్లు.

జనులకు చూపు ప్రతినుండి యా గడినే తీసివేయుట మేలని మా తలంపు. కబురంపవలసిన యుద్యోగియొద్ద పూర్తినంబరు వేఱుగ భద్రముగ నుండవచ్చును.