పసిపాప మాడు ఏం చెబుతుంది?

పసిబిడ్డకు తలంటేటప్పుడు నడినెత్తిన వేలికి మెత్తగా తగిలే చోటే మాడు. "మాడు ఎగురుతోంది డాక్టరుగారూ, ప్రమాదమా?" అని ఎందరో తల్లులు అడుగుతుంటారు. కాదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా నాడి ఎగిరినట్లే అదీ ఎగురుతుంది.

పుర్రె ఒకే ఎముక కాదు, కొన్ని పలకల కూర్పు. కాన్పులో ఇరుకుదారిన తల బయటికి రావడానికీ, తరువాత మెదడు పెరగడానికీ వాటి మధ్య ఖాళీ ఉండాలి. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లున్న తల చుట్టుకొలత ఏడాది నిండేసరికి 45 దాకా పెరుగుతుంది. తల వెనుకనున్న చిన్న మాడు రెండు మూడు నెలలకే పూడుతుంది. ముందు మాడు చాలామందికి 12 నుంచి 18 నెలల మధ్య, కొందరికి రెండేళ్ళకు పూడుతుంది. దాని కింద దళసరి పొర ఉంది కనుక తలంటడానికి, దువ్వడానికి భయపడనక్కరలేదు.

బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, నిటారుగా ఎత్తుకుని మాడు చూడండి. ఏడ్చేటప్పుడు కాస్త ఉబ్బడం సహజమే.

విరేచనాలు, వాంతులు అవుతున్న బిడ్డకు మాడు గుంటపడితే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. కళ్ళు లోతుకు పోవడం, మూత్రం తగ్గడం కూడా అందుకు గుర్తులే. మాడు నిండుతుందని ఆముదం అద్ది ఊరుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పైన పెట్టిన నూనె లోపలి నీటి కొరత తీర్చదు. తల్లిపాలు ఆపకండి, ఇంకా ఎక్కువసార్లు పట్టండి. లీటరు పొట్లమైతే మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపిన ఓ.ఆర్.ఎస్.ను చెంచాతో కొద్దికొద్దిగా తాగిస్తూ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బిడ్డ మగతగా ఉన్నా, పాలు తాగలేకపోయినా క్షణం ఆలస్యం చేయవద్దు.

జ్వరంతో పాటు మాడు ఉబ్బి బిగుసుకుంటే మెదడు పొరల వాపు కావచ్చు. తల దెబ్బ తగిలాక ఉబ్బినా అంతే ప్రమాదం. తెల్లవారాక చూద్దామనుకోకండి. వాతలు, నాటువైద్యాలతో పోగొట్టుకునే గంటలు బిడ్డ ప్రాణానికే ముప్పు తెస్తాయి.

రెండేళ్ళు దాటినా మాడు పూడకపోతే డి విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం, తలలో నీరు చేరడం వంటివి ఉన్నాయేమో పరీక్షించాలి. చాలా ముందే పూడిందనిపిస్తే తల సరిగా పెరుగుతున్నదో లేదో కొలిపించాలి.

టీకాలకు వెళ్ళిన ప్రతిసారీ బిడ్డ తల కొలిపించి కార్డులో రాయించుకోండి. టేపుతో ఒక్క నిమిషం పని అది.