ట్రిప్పు లెక్క ఎక్కడ మొదలవ్వాలి?

ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. అరకు ట్రిప్పు అనగానే అందరికంటే ముందు "నేను రెడీ మామా" అంటాడు. గ్రూపులో జోకులేస్తాడు, లొకేషన్లు పంపిస్తాడు. తీరా డబ్బులు కట్టే వారంలో "ఊళ్ళో మా అక్కవాళ్ళ పెళ్ళి ఉంది రా" అంటాడు. ఆ పెళ్ళి ఫొటో మనకెప్పుడూ కనబడదు.

మనం దాన్ని "హ్యాండిచ్చాడు" అంటాం. చాలాసార్లు అసలు సంగతి వేరే. బడ్జెట్ వేసినవాళ్ళు ముందు ప్లేస్ చూశారు, తర్వాత రిసార్ట్ చూశారు, చివర్లో మొత్తాన్ని తలల లెక్కన భాగించి "మనిషికి నాలుగు వేలు" అన్నారు. మెస్ బిల్లు కట్టడానికే ఇంటికి రెండుసార్లు ఫోన్ చేసేవాడు ఆ నాలుగు వేల మాట విని పదిమందిలో ఏం చెప్తాడు? పెళ్ళి ఉందనే చెప్తాడు.

కాబట్టి లెక్కని తిరగేసి మొదలుపెట్టాలి. సెప్టెంబర్‌లోనే అందరూ కూర్చుని తలా ఒక చీటీ తీసుకోండి. పేరు రాయొద్దు. ఇంట్లో అదనంగా అడక్కుండా, అప్పు చెయ్యకుండా డిసెంబర్‌లోపు ఎంత దాచగలరో ఆ అంకె ఒక్కటే రాసి మడతపెట్టి వెయ్యండి. అన్నిట్లోకీ తక్కువ ఉన్న అంకే మీ బడ్జెట్. సగటు తియ్యొద్దు. సగటు తీస్తే తక్కువ రాసినవాడు మళ్ళీ పెళ్ళికి వెళ్తాడు.

"మాకు ఎక్కువ పెట్టే స్తోమత ఉంది కదా" అనేవాళ్ళు ఉంటారు. పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు? తిరుగు దారిలో రెండు కిలోల అరకు కాఫీ పొడి కొనుక్కోండి. కానీ గది, బండి, రైలు బోగీ మాత్రం అందరికీ ఒకటే. నలుగురు విస్టాడోమ్‌లో అద్దాల్లోంచి కొండలు చూస్తూ, మిగతా నలుగురు జనరల్ బోగీలో నిలబడి వెళ్తే అది ఒక ట్రిప్పు కాదు, రెండు ట్రిప్పులు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. విజయవాడ దగ్గరి కాలేజీ, ఎనిమిది మంది, చీటీల్లో తక్కువ అంకె 2,500. డిసెంబర్ 20 రాత్రి బయల్దేరి, 21న అరకులో ఉండి, 22 రాత్రి విశాఖలో తిరుగు రైలెక్కాలి. మొత్తం 20,000. అందులోంచి ముందే 2,000 పక్కన పెట్టెయ్యండి. ఎవరికైనా జ్వరమొచ్చినా, బస్సు తప్పినా అది వాడాలి. మిగిలిన 18,000 ఇలా అనుకుందాం: రైళ్ళకి రానూపోనూ మనిషికి 700 చొప్పున 5,600. మూడు గదులు ఒక రాత్రికి 4,500. అరకులో ఒకరోజు బండికి 3,500. రెండు రోజుల తిండికి మనిషికి 400 చొప్పున 3,200. బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ లాంటి చోట్ల టికెట్లకి మనిషికి 150 చొప్పున 1,200. కూడితే సరిగ్గా 18,000. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, మీరు వెళ్ళేనాటి ధరలు కనుక్కుని మార్చుకోవాలి.

చూశారుగా, బొంగులో చికెన్‌కి ఎక్కడా చోటు లేదు! అది లేకుండా అరకు వెళ్ళి రావడం నా దృష్టిలో నేరం. మరి ఎక్కడ కొయ్యాలి? తిండిలో కొయ్యొద్దు, టికెట్లలో కోస్తే మిగిలేదేమీ లేదు. కోత పడాల్సింది బండి మీద. విశాఖ నుంచి ఉదయాన్నే బయల్దేరే కిరండూల్ పాసింజర్ బొర్రా గుహల స్టేషన్ మీదుగానే అరకు వెళ్తుంది. దారిలో యాభైకి పైగా సొరంగాలు. ఆ ప్రయాణమే సగం ట్రిప్పు. అరకులో దిగాక దగ్గరి చోట్లకి ఆటోలో, కాళ్ళ మీద వెళ్ళి, బొర్రాని తిరుగు దారిలో బస్సు మీద పెట్టుకుంటే బండి ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. ఒక్క జాగ్రత్త: రాత్రి రైలు విశాఖకి ఆలస్యంగా వస్తే పాసింజర్ మీ కోసం ఆగదు. అప్పుడు ద్వారకా బస్ స్టేషన్‌కి వెళ్ళి అరకు బస్సు పట్టుకోవాలి. పక్కన పెట్టిన రెండు వేలు ఇలాంటి పూటకే.

ఇక దాచడం. 2,500 ఒకేసారి అంటే భయంగా ఉంటుంది కానీ సెప్టెంబర్ 7 నుంచి డిసెంబర్ 7 దాకా వారం వారం కడితే 14 వాయిదాలు, వాయిదాకి 180. రోజుకి పాతిక రూపాయల పైచిలుకు. రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డర్ పెడితే డెలివరీ చార్జీ, ప్యాకింగ్ చార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు అంటూ బిర్యానీ కాని వాటికి కట్టేదెంతో ఒకసారి పాత బిల్లులు తీసి చూడండి. తినడం మానక్కర్లేదు, నడిచి వెళ్ళి తింటే చాలు.

నెలాఖరుకి మిగిలింది దాద్దాం అనుకుంటే ఏమీ మిగలదు, అది అందరికీ తెలిసిందే. ఇంటి నుంచి డబ్బు పడిన రోజే తీసెయ్యాలి. తీసింది యూపీఐకి లింకు చెయ్యని ఖాతాలో ఉండాలి. స్కాన్ చేస్తే పోయే డబ్బు ఎవరి దగ్గరా నిలవదు. ఖాతా ఒకరిది, లెక్క రాసే షీటు ఇంకొకరిది అయితే మంచిది. స్నేహితుల మధ్య అనుమానం వచ్చాక లెక్కలు చూపించడం కంటే, రాకముందే రోజూ కనబడేలా పెట్టడం తేలిక.

వారం వాయిదాల్లో ఇంకో లాభం ఉంది. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. డిసెంబర్ 20 రైలుకి అక్టోబర్ 21 ఉదయం, 22 నాటి తిరుగు రైలుకి 23న. ఆ నాటికి ఏడు వాయిదాలు అయిపోతాయి కాబట్టి చేతిలో 10,080 ఉంటుంది. రైళ్ళూ గదులూ కలిపి 10,100. తక్కువ పడేది 20 రూపాయలు! అంటే ఎవరూ అప్పు చెయ్యకుండా, ఎవడో ఒకడు "నేను కడతాలే, తర్వాత ఇవ్వండి" అనకుండా పెద్ద ఖర్చులు రెండూ తేలిపోతాయి. ఒక టికెట్ మీద ఆరుగురికే చోటు కనుక ఎనిమిది మందికి రెండు టికెట్లు తియ్యాలి. తత్కాల్‌కి వదిలేస్తే టికెట్‌కి నలుగురే, ధరా ఎక్కువే, కన్ఫర్మ్ అయ్యాక రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు.

తేదీల విషయంలో నా మాట: వలిసె పూలు నవంబర్, డిసెంబర్‌లలో పసుపు పరిచినట్టుంటాయి, కానీ క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా, పైగా శని ఆదివారాల్లో, గది దొరకడమే కష్టం, దొరికితే ధర మండిపోతుంది. ల్యాబ్ పరీక్షలు అయిన వెంటనే వారం మధ్యలో వెళ్ళగలిగితే అదే డబ్బుతో మంచి గది వస్తుంది.

మధ్యలో ఎవరైనా మానేస్తే? ఇది మొదటి రోజే తేల్చుకోవాలి. రైలు టికెట్ రద్దులో పోయింది, గదిలో వాడి వాటా పోగా మిగిలింది తిరిగిచ్చెయ్యాలి. కారణం అడగొద్దు. ఇన్‌స్టంట్ లోన్ యాప్‌లో తీసుకుని కడతానంటే మాత్రం గట్టిగా వద్దనండి. వాయిదా తప్పితే ఫోన్‌లోని కాంటాక్టులన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీసే యాప్‌లున్నాయి. అరకు చలికోసం ఎవరి నాన్నకీ అలాంటి ఫోన్ వెళ్ళకూడదు.

తిరిగొచ్చాక లెక్క గ్రూపులో పెట్టండి. 14 వాయిదాలకి వచ్చింది 20,160. ఖర్చు 18,000 లోపే ఆగి, అత్యవసరం డబ్బు ముట్టుకోకపోతే 2,160 మిగులుతుంది. అప్పుడు ఎవడో ఒకడు "దీంతో విశాఖలో పార్టీ చేసేద్దాం" అంటాడు. వద్దు. మనిషికి 270 చొప్పున అదే రోజు తిరిగి పంపించెయ్యండి. చీటీలో 2,500 రాసినవాడు ఎవరో మీకు తెలీదు, ఆ 270 కి వాడు ఇప్పటికే ఏదో పని అనుకుని ఉంటాడు.