మూడున్నర గ్రాముల గాలి

బళ్లారి నుంచి ఆలూరు రోడ్డు పట్టినా, రాయదుర్గం రోడ్డు పట్టినా, వినాయక చవితి రోజుల్లో ఊరేగింపు ట్రాక్టర్లు ఎదురవుతూనే ఉంటాయి. ఒక వీధిలో కన్నడ పాట, పక్క వీధిలో తెలుగు పాట. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకీ, బళ్లారి మైసూరులోకీ వెళ్లాయి గానీ పాటలు మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. ఏ భాష పాట అయినా ఛాతీకి తగిలే ఆ బేసు ఒకటే. ఆ బాక్సుల్లో చాలా వాటికి కంపెనీ పేరు ఉండదు. వూఫర్ కొన్నది, ఆంప్లిఫయర్ కొన్నది, పెట్టె మాత్రం వడ్రంగి చేసినది. ముందు పలకలో వూఫర్ పక్కన ఒక గుండ్రటి రంధ్రం, దాని వెనక పెట్టె లోపలికి వెళ్లే ఒక గొట్టం. గాలి బయటికి పోవడానికి పెట్టారనుకుంటారు చాలామంది. ఆ పెట్టె పలికే అట్టడుగు స్వరం వచ్చేది మాత్రం ఆ గొట్టంలోంచే.

గొట్టం ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే స్పీకరు వెనక వైపు చూడాలి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో ప్రకటించిన స్పీకరే ఈనాటి వూఫర్లన్నిటికీ మూలం. అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు శంకువు. శంకువు ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. 35 హెర్ట్జ్ శబ్దం తరంగదైర్ఘ్యం దాదాపు పది మీటర్లు. అంత పొడవైన తరంగానికి పది అంగుళాల స్పీకరు ఒక అడ్డే కాదు. వెనక శబ్దం చుట్టూ తిరిగి ముందుకొచ్చి ముందు శబ్దాన్ని రద్దు చేసేస్తుంది. బల్ల మీద విడిగా పెట్టిన వూఫర్ ఎంత ఊగినా బేసు రాకపోవడానికి కారణం ఇదే. వెనక వైపును మూసేసిన పెట్టెలో బంధిస్తే ఆ సమస్య తీరుతుంది, కానీ శంకువు చేసే పనిలో సగం పెట్టెలోనే వృథాగా పోతుంది.

రైస్, కెల్లాగ్ తమ స్పీకరును బయటపెట్టిన రోజుల్లో బళ్లారి రంగస్థలాన్ని ఏలుతున్నది నటుడు బళ్లారి రాఘవ. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలతో వెలిగిన ఊరు ఇది. ఆ తరం నటులు హాలు చివరి వరసకు మాట వినిపించాలంటే గొంతు, శ్వాస తప్ప మరో సాధనం లేదు. మగవాడి మాట మూలస్వరం సుమారు నూరు హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంతకంటే కింద మాటకు పనేమీ లేదు. అక్కడ పలికేవి వాయిద్యాలు. బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ వద్ద మోగుతుంది. ఇంట్లో పెట్టె చేసుకునేవాళ్లు 35 హెర్ట్జ్‌ను లక్ష్యంగా పెట్టుకోవడంలో అర్థం ఉంది.

మూసిన పెట్టెలో వృథా అయ్యే ఆ సగాన్ని తిరిగి రాబట్టే ఉపాయం ఘటం వాయించేవారికి ఎప్పటినుంచో తెలుసు. ఘటం మూతిని పొట్టకు ఆనించి, కొంచెం తీసి, మళ్లీ ఆనిస్తే స్వరం కిందికీ పైకీ జారుతుంది. కుండలోని గాలి స్ప్రింగులా పనిచేస్తుంది, మూతి దగ్గరి గాలి ఆ స్ప్రింగుకు కట్టిన బరువు. రెండూ కలిసి ఒకే ఒక్క వేగంతో ఊగడానికి ఇష్టపడతాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఊపును గణితంలో పెట్టాడు. పెట్టె ఘనపరిమాణం పెరిగితే స్వరం దిగుతుంది, గొట్టం పొడుగైతే దిగుతుంది, గొట్టం వెడల్పైతే పైకి పోతుంది.

బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో పనిచేసిన ఆల్బర్ట్ థూరాస్ ఈ గాలి ఊపును స్పీకరుకు జతచేశాడు. 1930లో దరఖాస్తు పెట్టాడు, 1932 జులైలో పేటెంటు వచ్చింది. శంకువు వెనక నుంచి వచ్చే శబ్దం లోపలి గాలినీ గొట్టంలోని గాలినీ దాటి బయటికొచ్చేసరికి దాని దశ తిరగబడుతుంది. తిరగబడ్డది గనక ముందు శబ్దాన్ని రద్దు చేయకుండా దానికి తోడవుతుంది. ఎంత అందమైన ఆలోచనో! కదిలే కొత్త భాగం ఒక్కటీ లేదు, అదనపు కరెంటు లేదు. ఉన్న గాలినే పనిలో పెట్టాడాయన.

అయినా దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆ ఆలోచనకు మంచి పేరు రాలేదు. ఏ వూఫర్‌కు ఎంత పెట్టె, ఎంత గొట్టం అన్నది ఎక్కువగా అనుభవం మీద, ఊహ మీద సాగింది. కొలత తప్పిన పెట్టె ఒకే స్వరాన్ని పట్టుకుని డబడబమంటుంది. మన ఊరేగింపుల్లో వినిపించే రోదలో పెద్ద భాగం ఇలా కొలత తప్పిన పెట్టెలదే. 1954లో ఎడ్గార్ విల్చూర్ మూసిన పెట్టెతోనే చిన్న స్పీకర్లు చేసి, శుభ్రమైన బేసు ఎలా ఉంటుందో చూపించాడు. గొట్టం పెట్టెను మళ్లీ నిలబెట్టింది ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్. గొట్టం ఉన్న పెట్టెలోని స్పీకరు రేడియో ఇంజనీర్లకు బాగా తెలిసిన ఒక ఎలక్ట్రిక్ ఫిల్టరులాగే ప్రవర్తిస్తుందని ఆయన 1961లో ఒక వ్యాసంలో నిరూపించాడు. ఫిల్టర్ల లెక్కలు అప్పటికే పుస్తకాల్లో ఉన్నాయి, వాటిని తెచ్చి పెట్టెకు వాడుకోవచ్చు. ఆ వ్యాసం ఆస్ట్రేలియా దాటి ప్రపంచం కంటపడడానికి పదేళ్లు పట్టింది. సిడ్నీలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో దాన్ని విస్తరించాడు. ఈనాడు వూఫరుతో వచ్చే కాగితంలో కనిపించే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అనే అంకెలను థీల్-స్మాల్ పరామితులని పిలిచేది అందుకే. ఈ యంత్రం కథలో నేను అందరికంటే ఎక్కువ గౌరవించేది ఈ ఇద్దరినే. ప్రయోగశాలలో పుట్టిన వస్తువును చిన్న ఊరి వడ్రంగి కూడా మొదటిసారే సరిగా చేయగలిగేలా చేసింది వాళ్ల లెక్క.

ఆ లెక్క చేతిలో ఎలా పనిచేస్తుందో చూద్దాం. పది అంగుళాల వూఫర్ ఒకటి ఉంది, దాని అంకెలను బట్టి 50 లీటర్ల పెట్టె, 35 హెర్ట్జ్ శ్రుతి సరిపోతాయని తేలిందనుకుందాం. అన్ని వూఫర్లూ గొట్టానికి పనికిరావు. ఎఫ్ఎస్‌ను అదే కాగితంలో ఉండే క్యూఈఎస్‌తో భాగిస్తే నూరు దగ్గర వచ్చేవి గొట్టానికి నప్పుతాయి, యాభై దగ్గర వచ్చేవి మూసిన పెట్టెకు. వూఫర్ వెనక భాగం, గొట్టం, లోపలి అడ్డబద్దలు కూడా చోటు తింటాయి కాబట్టి లోపల 58 లీటర్లు ఉండాలి. అంటే లోపలి కొలతలు 45, 40, 32 సెంటీమీటర్లకు కాస్త పైన. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడితే బయటి కొలతకు ప్రతి దిక్కునా 3.6 సెంటీమీటర్లు కలుస్తాయి. లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లున్న పీవీసీ పైపు తీసుకుంటే పొడవు 31 సెంటీమీటర్లు రావాలి. పైపు రెండు కొసల దగ్గరి గాలి కూడా కలిసి ఊగుతుంది గనక లెక్కలో పైపు 38 సెంటీమీటర్లుగా తేలుతుంది. ఆ గాలి అంతటి బరువు సుమారు మూడున్నర గ్రాములు. 35 హెర్ట్జ్ దగ్గర గదిని నింపే శబ్దం దాదాపు అంతా ఆ మూడున్నర గ్రాములదే.

పలకలను ఫెవికాల్, స్క్రూలు రెండింటితోనూ బిగించాలి, లోపలి మూలల్లో సిలికాన్ పూయాలి. సన్నని సందు ఉన్నా స్ప్రింగు సడలిపోతుంది. పైపు లోపలి కొస ఎదురు గోడకు కనీసం పైపు వ్యాసమంత దూరంలో ఉండాలి. పైపు మరీ సన్నగా ఉంటే గాలి వేగం సెకనుకు 17 మీటర్లు దాటి బుస్సుమనే చప్పుడు వస్తుంది. అందుకే చిన్న పైపుతో సరిపెట్టాలనే ఆశ మంచిది కాదు. పైపును లెక్క కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా కోసి, పరీక్షించి, తర్వాత తగ్గించుకోవాలి. కోసింది మళ్లీ అతకదు.

పరీక్ష చూడడానికే ముచ్చటగా ఉంటుంది. ఫోనులో టోన్ జనరేటర్ పెట్టి 60 హెర్ట్జ్ నుంచి నెమ్మదిగా దిగుతూ రావాలి. శంకువు ఊపు తగ్గుతూ తగ్గుతూ ఒక చోట దాదాపు నిలిచిపోతుంది. అదే సమయంలో పైపు ముందు చెయ్యి పెడితే గాలి దెబ్బలు కొడుతుంది. అదే పెట్టె శ్రుతి. ఇంకా కిందికి వెళితే గాలి స్ప్రింగు పట్టు వదిలేస్తుంది, శంకువు అదుపు లేకుండా ఊగుతుంది, తీగచుట్ట దెబ్బతింటుంది. కాబట్టి ఆంప్లిఫయర్‌లో ఆ కింది స్వరాలను ఆపే సబ్‌సానిక్ ఫిల్టరు ఉండి తీరాలి. ఎక్కువ వాట్లున్న ఆంప్ కొనే డబ్బులో కొంత దీనికి పెట్టమని నా సలహా. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. బళ్లారి ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లున్న ధ్వని వేగం 40 డిగ్రీలకు 355 అవుతుంది. డిసెంబరులో 35 హెర్ట్జ్‌కు కూర్చిన పెట్టె మే నెలలో 36కు కాస్త పైన పలుకుతుంది. చెవికి తెలియని తేడా, భయపడనక్కర్లేదు.

పక్కింటివాళ్లకు తెలిసే తేడా వేరే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు. ఆ కొలత ఎ-వెయిటింగ్‌తో తీస్తారు. తక్కువ స్వరాలు మన చెవికి అంతగా వినబడవన్న లెక్కతో మీటరు 40 హెర్ట్జ్ దగ్గర సుమారు 35 డెసిబెల్స్ తీసేస్తుంది. గోడలేమో ఆ పది మీటర్ల తరంగాన్ని సరిగా ఆపలేవు. పక్కింటి కిటికీ అద్దాలు వణికిస్తున్న 90 డెసిబెల్స్ బేసు మీటరు మీద 55గా, చట్టానికి లోబడి కనిపిస్తుంది. సొంతంగా పెట్టె చేసుకున్నవాళ్లు మీటరును తక్కువ స్వరాలను అంతగా తీసేయని సి-వెయిటింగ్‌కు మార్చి, పక్కింటి గోడ దగ్గర నిలబడి ఒకసారి కొలవాలి. అప్పుడు అదే శబ్దానికి మీటరు 88 చూపిస్తుంది.